సిరిసిల్ల రోడ్డు మీద పెళ్లిగుర్రాల పందెం

గుర్రప్పందేలు చూడాలంటే హైదరాబాదు వెళ్లాలనీ, టికెట్టు కొనుక్కుని ఎక్కడో పైన కూర్చోవాలనీ, పక్కవాళ్ల దుర్భిణి అడుక్కుని చీమల్లా కనిపించే గుర్రాలను చూడాలనీ నేను అనుకునేదాన్ని. తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె పుణ్యమా అని ఆ అపోహ తీరింది. నేను చూసిన పందానికి టికెట్టు లేదు, దుర్భిణితో పని లేదు. గుర్రం మూతి నా భుజానికి జానెడు దూరంలో ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కోరుట్ల

అప్పటికి మా బడికి తాళం పడి చాలా రోజులైంది. టీచర్లందరం సమ్మెలో ఉన్నాం. ఆ రోజుల్లో ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి నిరసన తెలిపేవారు. రజకులు నడిరోడ్డు మీద ఇస్త్రీ చేశారు. కుమ్మరులు సారె తిప్పారు. లాయర్లు నల్లకోట్లు వేసుకుని చీపుర్లు పట్టారు. మేము బస్టాండు ముందు బోర్డు నిలబెట్టి ఎక్కాలు చెప్పాం. పిల్లలు ఒక్కరూ రాలేదు కానీ, పనిలేక కూర్చున్న ఇద్దరు కండక్టర్లు పదమూడో ఎక్కం దాకా శ్రద్ధగా వల్లించారు.

మరి సిరిసిల్ల వైపు పెళ్లి బరాతులకు గుర్రాలు తిప్పేవాళ్లు ఊరుకుంటారా? బస్సులు బందైన రోడ్డు మీద మా గుర్రాలను ఉరికిస్తామన్నారు. ఆ కబురు మా అత్తమ్మ రాజవ్వకు ఫోనులో వచ్చింది. చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నది. విని, చేతిలో ఆకు కింద పడేసింది. చేట ఒళ్లో ఉండగా ఆమె చెయ్యి ఆగడం నేను అదే మొదటిసారి చూశాను.

"సునీతా, ఎల్లిగాడు గుర్రమెక్కుతుండటనే!"

"ఎవలి పెండ్లికి అత్తమ్మా?"

"పెండ్లి గాదు, పందానికి!"

ఎల్లిగాడంటే ఆమె తమ్ముడు ఎల్లయ్య. నాకు చిన్నాయన వరస. ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మోకాళ్లు మొరాయించాక గీత మానేసి, రాణి అనే తెల్లగుర్రాన్ని తెచ్చుకుని పెళ్లిళ్లకు తిప్పుతున్నాడు. ఇన్నేళ్లలో కళ్లెం పట్టుకుని దాని పక్కన నడిచాడే తప్ప ఒక్కసారి కూడా దాన్ని ఎక్కలేదు. ఎక్కేది పెళ్లికొడుకు, నడిచేది ఆయన.

సంగతి అంతటితో ఆగలేదు. హైదరాబాదు దగ్గర ఫామ్‌హౌసు ఉన్న ఒక పెద్దమనిషి రాణిని చూసి మనసు పడ్డాడట. పందెంలో గెలిస్తే కొంటానన్నాడు. చిన్నాయన నలుగురి ముందు "సరే, నా మాటంటే మాటే" అని చెయ్యి కలిపాడు. చిన్నమ్మ పోయి రెండేళ్లయింది. గొల్లపల్లిలో ఉన్న కూతురు "గుర్రాన్ని అమ్మి మా ఇంటికి రా బాపూ" అని పోరుతోంది. ముహూర్తాలు లేవు, దాణా మాత్రం రోజూ కావాలి. ఎటు చూసినా అమ్మడమే సరైన పని. అత్తమ్మ మొహం మాత్రం సరిగ్గా లేదు.

"రాణి వోతే వాడు ఎవలితోని మాట్లాడుతడే?" అంది.

"మనుషులు లేరా అత్తమ్మా?"

"మనుషులు మల్ల జవాబిస్తరు. రాణి ఇయ్యది."

మర్నాడు పొద్దున్నే ప్రయాణం. బయల్దేరేముందు అత్తమ్మ దేవుడి పటం వెనక నుంచి పది రూపాయల నోటొకటి తీసింది. ఫెళఫెళలాడే కొత్త నోటు. దాన్ని మడత పడకుండా రెండు తునికాకుల మధ్య పెట్టి, దారంతో కట్టి, సంచిలో అడుగున దాచింది. ఎందుకని అడిగితే "దిష్టికి" అంది. మా ఇంట్లో దిష్టి అన్న మాట తర్వాత ప్రశ్నలుండవు.

జగిత్యాల

బస్సులు లేవు కాబట్టి ఆటోలది రాజ్యం. మా ఆటో డ్రైవరు శంకర్, పక్కవీధి కుర్రాడే, అయినా చార్జీలో మొహమాటం చూపించలేదు. బస్సులో పదిహేను ఇచ్చే దూరానికి యాభై అడిగాడు. "సమ్మె గద మేడం" అన్నాడు. సమ్మె నాది, సంపాదన అతనిది. ఆటోలో ఎంతమంది ఎక్కారో నాకు తెలియదు కానీ, జగిత్యాల చేరేదాకా నా మోచెయ్యి ఎవరి నడుములో ఉందో కూడా తెలియలేదు.

ఊళ్లోకి రాగానే రోడ్డుకు అడ్డంగా టెంటు, రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగలు. వంటావార్పు. మీలో చూడనివాళ్లకు చెబుతున్నాను: రోడ్డు మూసేసి అక్కడే వండి, అక్కడే తినడం దీని పద్ధతి. తినకుండా ముందుకు పోనివ్వకపోవడం కూడా పద్ధతేనని నాకు ఆ రోజే తెలిసింది. గరిటె పట్టుకున్న ఒకావిడ ఆటోకు ఎదురుగా నిలబడింది.

"అర్జెంటు పని మీద పోతున్నమమ్మా," అన్నాను.

"నాలుగు బుక్కలు తిన్నంకనే తొవ్వ. దిగుండ్రి."

దిగాం. నేను ఇంట్లో ఉప్మా తిని బయల్దేరాను. ఆకులో అన్నం కుప్పగా పడింది, దాని మీద పచ్చిపులుసు పారింది. మా కోరుట్ల టెంటులో పప్పుచారు చిక్కగా ఉంటుంది, కారం కళ్లలోంచి వస్తుంది. జగిత్యాల పచ్చిపులుసులో బెల్లం పడింది. అత్తమ్మ ఒక బుక్క తిని ఆగింది.

"గింత బెల్లమా? గీ తీపి తెలంగాణ వచ్చినంక ఎయ్యాలె," అంది.

గరిటె ఆవిడ నవ్వింది. "వచ్చినంక పాయసమే వోస్తం, రాండ్రి పెద్దమ్మా," అని ఇంకో గరిటె వేసింది. విమర్శకు అంత చల్లటి సమాధానం నేను స్టాఫ్ రూములో ఎన్నడూ వినలేదు.

మల్యాల క్రాస్ రోడ్డు

ఇక్కడ రెండో టెంటు. ఇక్కడా పొయ్యి. మక్కగుడాలు, అంటే ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు, పైన ఉల్లిగడ్డ, కారం. నేను పొట్ట పట్టుకుని దండం పెట్టాను. అత్తమ్మ మాత్రం, "వద్దంటే బాగుండదు బిడ్డా, ఉద్యమం గద," అని నా వాటా కూడా తిన్నది. టెంటు వాళ్లు "జై తెలంగాణ" అన్నారు, మేమూ అన్నాం, రోడ్డుకు అడ్డం కట్టిన వెదురు గడ పైకి లేచింది. హాయిగా బయటపడ్డామనుకున్నాను.

ఫర్లాంగు దూరం పోయాక అసలైన రాస్తారోకో ఎదురైంది. బస్సులు రావన్న ధీమాతో ఒక ముసలిరైతు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా మక్కలు ఆరబోశాడు. పసుపుపచ్చగా, ఒత్తుగా, ఎక్కడా సందు లేకుండా. మధ్యలో గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

శంకర్ ఆటో ఆపి, పిడికిలి ఎత్తి "జై తెలంగాణ!" అన్నాడు.

"జై తెలంగాణే," అన్నాడు రైతు, కదలకుండా. "గని మక్కల మీదికెల్లి పోవద్దు."

"మరెట్ల పోవాలె తాతా?"

"వచ్చిన తొవ్వన్నే పోరాదు?"

అందరం దిగి, ఆటోను రోడ్డు పక్క పొలం గట్టు మీదుగా తోశాం. పోలీసులకు, నాయకులకు లొంగని రోడ్డు ఆ తాతకు లొంగింది. నా కుడికాలి చెప్పు బురదలో కూరుకుపోయి, వారు తెగి, నేను దాన్ని చేత్తో పట్టుకుని ఎక్కాను. అదే అదనుగా శంకర్ గట్టు ఎక్కించినందుకు ఇంకో పది అడిగాడు. నా దగ్గర చిల్లర లేదు.

"అత్తమ్మా, సంచిల ఉన్నది గద, ఇయ్యి."

"అది ఇయ్య."

"పది రూపాయలే గద! సిరిసిల్లల ఇంకోటి తీసుకుందం."

"గది పది రూపాయలు గాదు," అంది అత్తమ్మ, సంచి ఒళ్లోకి లాక్కుని. చివరికి శంకర్‌కు రెండు కాల్చిన కంకులు కొనిచ్చి రాజీ పడ్డాం. కంకులమ్మే ఆమె మాత్రం నాకు అరువిచ్చింది, టీచరు మొహం చూసి నమ్మిందట. నాకు ఒళ్లు మండింది. తెగిన చెప్పుతో వేములవాడ దాటేదాకా అత్తమ్మతో మాట్లాడలేదు. ఆమె దాన్ని గమనించలేదు, నిద్రపోయింది.

సిరిసిల్ల

సిరిసిల్లలో ముందు వినపడేది సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు. ఏ గల్లీలోకి పోయినా టకటక, టకటక. మా వైపు వాళ్లకు కాసేపటికే తల దిమ్మెక్కుతుంది. ఇక్కడివాళ్లకు కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుందట.

చిన్నాయన ఇంటికి రెండు గదులు. ముందుగది రాణిది, వెనకగది ఆయనది. రాణి నిజంగా రాణిలాగే ఉంది. తెల్లటి ఒళ్లు, నుదుట తురాయి, కాళ్లకు గజ్జెలు. నన్ను చూసి పట్టించుకోలేదు. అత్తమ్మను చూసి మాత్రం మెడ చాచి, ఆమె సంచి వాసన చూసింది. అత్తమ్మ గబుక్కున సంచి వెనక్కి దాచింది.

సాయంత్రం గిన్నప్ప పెట్టాడు చిన్నాయన. మా దగ్గర సర్వప్ప అంటాం, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాలుస్తాం. వీళ్లూ అంతే చేస్తారు, పేరే మార్చారు. కాల్చిన మొదటి ముక్క విరిచి ముందు రాణికి పెట్టాడు. రెండోది మాకు. మూడోది తనకు.

"పందెం కోసం దానికి పాత అలవాట్లు మాన్పిస్తున్న," అన్నాడు. "బరాతుల నోటు చూపెడ్తే ఆగుతది గద. ముంగటి కాళ్లు లేపి ఆడి, నోటు పెదవులతోని అందుకుంటది. వారం నుంచి ఎవ్వల్ని నోటు తియ్యనిస్తలేను."

"మరి రేపు జనంల ఎవలన్న తీస్తే?" అన్నాను.

"తియ్యరు, చెప్పిన అందరికి. ఒకవేళ దాని కండ్ల వడ్డా, కళ్లెం గిట్ల ఎడమకు గుంజితే సాలు. మొఖం తిప్పుకొని ఉరుకుతది." చేత్తో చేసి చూపించాడు. "కొత్త నోటైతెనే ఆగుతది మల్ల. నలిగినదాన్ని ముట్టదు, షోకు ఎక్కువ."

అత్తమ్మ గిన్నప్ప నములుతూ, అవునవునని తలూపింది.

"గెలిస్తే నిజంగనే అమ్ముతవారా?" అని అడిగింది కాసేపయ్యాక.

"మాటిచ్చిన అక్కా. ఎనుకకు వోతే నలుగురు ఏమంటరు? అక్కడ మంచిగనే ఉంటదట. షెడ్డున్నదట, ఫ్యాన్లు గూడ ఉన్నయట." లేచి వెళ్లి, తడి గుడ్డతో రాణి గిట్టలు తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. గెలవాలని దండం పెట్టుకోవాలో, ఓడాలని పెట్టుకోవాలో అర్థం కాలేదు.

గంభీరావుపేట దారి

ఊరు దాటాక చదునైన రోడ్డు. పందెం అక్కడ. టెంటు, మైకు, బ్యాండు, పొయ్యి మీద మళ్లీ అన్నం. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు లాఠీ చంకలో పెట్టుకుని "అన్నిట్ల ఏది ఫాస్టు?" అని ఒక్కొక్కరినీ విచారించాడు. తెల్లబట్టల ఫామ్‌హౌసు పెద్దమనిషి కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గమ్యం ఒక కల్వర్టు, పందెం మొదలుకు కేక వేస్తే వినపడేంత దూరంలో. అక్కడ మామిడాకుల తోరణం కట్టిన తాడు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. మేము ఆ తాడుకు ఇటువైపు, ముందు వరసలో ఉన్నాం. ముందు వరసలోకి ఎలా వచ్చామని అడగకండి, అత్తమ్మ మోచేతులు బీడీ ఫ్యాక్టరీ క్యూలలో ఆరితేరినవి.

ఆరు గుర్రాలు. ఐదు బరాతువి, ఒకటి వేములవాడ నుంచి వచ్చిన ముసలి జట్కాగుర్రం. బరాతు గుర్రాలన్నీ జరీ గుడ్డలతో, తురాయిలతో తయారయ్యాయి. అవి లేకపోతే గడప దాటవట. ఎక్కే సమయానికి చిన్నాయన తన పాత మోకు తీశాడు. తాటిచెట్లెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు అది. దాన్ని తన నడుముకూ రాణి పొట్టకూ కలిపి బిగించాడు.

"ఏంది చిన్నాయనా గిది?" అని అరిచాను.

"ముప్పయి ఏండ్లు గీ మోకే నన్ను కిందవడకుంట ఆపింది బిడ్డా. ఇయ్యాల ఆపదా?" అని అరిచాడు అటువైపు నుంచి. ఎక్కాక కళ్లెం చేతికి చుట్టుకుని, గుర్రం మెడను రెండు చేతులతో, తాటిచెట్టును పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

మైకులో "ఒకటి, రెండు, మూడు!" అన్నారు. జెండా ఊపారు. ఒక్క గుర్రమూ కదల్లేదు. బ్యాండు మోగితే తప్ప బరాతు గుర్రం నడవదన్న సంగతి వాటి యజమానులందరికీ తెలుసు, ఎవరికీ గుర్తు లేదు. బ్యాండు మొదలైంది. గుర్రాలన్నీ కదిలాయి, పెళ్లికొడుకును మోస్తున్నట్టు మెల్లగా, హుందాగా, అడుగులో అడుగు వేస్తూ. జనం పడీ పడీ నవ్వారు. దారిలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని గేటు కనపడగానే నల్లమచ్చల గుర్రం ఒకటి అలవాటు కొద్దీ లోపలికి తిరిగి, మెట్ల దగ్గర ఆగి, దిగమన్నట్టు నిలబడింది. దాని మీద ఉన్నాయన ఎంత మొత్తుకున్నా బయటికి రాలేదు. పందెంలో అయిదే మిగిలాయి.

అప్పుడెవరో టపాకాయల సరం అంటించారు. అంతే, కథ మారిపోయింది. గుర్రాలు బెదిరి, చెవులు వెనక్కి పెట్టి, నిజంగానే ఉరికాయి. దుమ్ము లేచింది. దుమ్ములోంచి ముందుగా తెల్ల తురాయి కనిపించింది. రాణి! దాని మెడకు అతుక్కుని, కళ్లు చికిలించుకుని చిన్నాయన. వెనక గుర్రానికీ దానికీ మధ్య లారీ పట్టేంత సందు ఉంది. నేను అన్నీ మర్చిపోయి ఎగిరాను. "రాణీ! ఉరుకు రాణీ!" అని అరిచాను. పెద్దమనిషి జేబులోంచి ఫోను తీశాడు.

పక్కకు చూస్తే అత్తమ్మ దారం విప్పుతోంది. తునికాకులు కింద పడ్డాయి. రెండు వేళ్ల మధ్య కొత్త నోటు ఎండలో మెరిసింది. ఆమె చెయ్యి పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పింది.

"నా తమ్ముని దిష్టి, నా రాణి దిష్టి, ఊరి దిష్టి..."

"అత్తమ్మా, నోటు!"

రాణి చూసింది. తాడుకు రెండడుగుల దూరంలో, అంత వేగంలోంచి, నాలుగు కాళ్లూ తన్నిపట్టి ఆగింది. దాని మూతి నా భుజం దగ్గరికి వచ్చింది. తర్వాత ముందు కాళ్లు లేపి, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ, ఆడటం మొదలుపెట్టింది. బ్యాండువాళ్లకు అది చాలు. ఉత్సాహంగా బరాతు వరస అందుకున్నారు. పైన మోకుతో కట్టేసి ఉన్న చిన్నాయన దిగలేక, పడలేక, దాంతోపాటే ఊగుతున్నాడు.

"అక్కా! దాపెట్టే! దాపెట్టు నోటు!"

"దిష్టి తీసుడు సగంల ఆపొద్దురా!" అని అరిచింది అత్తమ్మ, ఇంకా తిప్పుతూనే.

మిగతా గుర్రాలు రాణిని చూసి ఆగి, అవి కూడా ఆడాయి. బ్యాండు మోగితే, ముందున్నది ఆడితే, వెనకది ఆడాలి, అది వాటి చదువు. చదువు లేనిది జట్కాగుర్రం ఒక్కటే. అన్నిటికంటే వెనక వచ్చి, ఆడుతున్నవాటి సందుల్లోంచి నడుచుకుంటూ పోయి, తాడు తెంచి, తోరణంలోని మామిడాకులు తినసాగింది. మైకులో దాని పేరు చెప్పాలంటే దానికి పేరు లేదు. "వేములవాడ గుర్రం" అన్నారు. కానిస్టేబులు ముందుగా చప్పట్లు కొట్టాడు.

రాణి నోటు పెదవులతో మెల్లగా అందుకుని, మెడ వెనక్కి తిప్పి, చిన్నాయన ఒళ్లో వేసింది. ఫామ్‌హౌసు పెద్దమనిషి దగ్గరికి వచ్చి, "ఆడే గుర్రం నాకెందుకయ్యా," అన్నాడు. జట్కాగుర్రం పళ్లు ఒకసారి చూశాడు. కారెక్కి వెళ్లిపోయాడు.

మోకు ముడి విప్పడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. నేల మీద కాలు పెట్టగానే చిన్నాయన అక్క మీద విరుచుకుపడ్డాడు. బంగారమసొంటి బేరం ఆగం చేసినవన్నాడు. నలుగురిల ఇజ్జత్ తీసినవన్నాడు. వారం రోజుల కష్టం బురదల పోసినవన్నాడు. అత్తమ్మ కొంగు నోట్లో పెట్టుకుని, "మర్చిపోయిన్రా, ముసలిదాన్ని," అంది. ఆమె బీడీల లెక్కా మర్చిపోదు, ఇంకేదీ మర్చిపోదు.

మధ్యాహ్నం నేను నీళ్లకని ముందుగదిలోకి వెళ్తే చిన్నాయన రాణి దగ్గర నిలబడి ఉన్నాడు. "సిగ్గున్నదానే నీకు? ఆడుడే గావాల్నా నీకు?" అని తిడుతున్నాడు. తిడుతూ తిడుతూ బెల్లం ముక్కలు నోటికి అందిస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ కొత్త నోటు రాణి తురాయిలో చెక్కి ఉంది. నన్ను చూసి తడబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. ఒక మాట నీ కడుపుల పెట్టుకో."

"చెప్పు చిన్నాయనా."

"అక్క నోటు తీసుడు నేను ముంగటనే చూసిన. ఎడమకు గుంజితే ఉరుకుతుండె. గుంజలే." రాణి మెడ మీద చెయ్యి వేశాడు. "అక్కకు చెప్పకు. పొద్దటి నుంచి తిట్టిన గద, బాగుండదు."

మళ్లీ కోరుట్ల

తిరుగుదారి గురించి రాయడానికి పెద్దగా లేదు. మక్కల తాత అక్కడే ఉన్నాడు, మక్కలు ఆరలేదు. కంకులావిడ తన అరువు వసూలు చేసుకుంది. జగిత్యాలలో ఈసారి పులిహోర. నేను పొట్ట నిండా తిన్నాను, చిన్నాయన మాట కడుపులో పెట్టుకోవడానికి చోటు తక్కువైనా సరే.

దారంతా అత్తమ్మ మొహం అటు తిప్పుకుని కూర్చుంది. అలిగిందేమో, తమ్ముడు తిట్టినందుకు నొచ్చుకుందేమో అనుకుని జాలిపడ్డాను. చెప్పేద్దామా అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మింగాను. ఆ ఇంటి మనుషులకు మాటంటే మాటే కదా.

ఇంటికి రాగానే మా ఆయన, "గుర్రం గెలిచిందా?" అని అడిగాడు. "వేములవాడది గెలిచింది," అని చెప్పి అత్తమ్మ కాళ్లు కడుక్కుంది. చేట ముందేసుకుని కూర్చుంది. వేళ్లు మళ్లీ చకచకా కదలడం మొదలుపెట్టాయి. ఆయన టెంటుకు వెళ్లిపోయేదాకా తలెత్తలేదు. వెళ్లాక నన్ను చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది. నడుముకున్న సంచిలోంచి పాతబడి, నలిగి, చెమటకు మెత్తబడ్డ పది రూపాయల నోటొకటి తీసి నా చేతిలో పెట్టింది.

"సమ్మె అయిపోయినంక బ్యాంకుల ఇచ్చి, మడత లేని కొత్తది తేవే. మల్లేడు గూడ పందెం పెడ్తరట," అంది. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె ఆకు కత్తిరించుకుంటోంది.

"ఎల్లిగానికి చెప్పకు మల్ల."

చెప్పనన్నాను. నోటు తీసుకుని దేవుడి పటం వెనక పెట్టాను.